గోవిందు మూసిన మూడు రంధ్రాలు

డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో గోవిందు ఒక అబద్ధం ఆడాడు. చూడబోతే చిన్నదే, మూడంటే మూడు మాటలు. కానీ ఆ మూడు మాటల మీద ఒక మనిషి కూడు ఆధారపడి ఉంది. ఆడేటప్పుడే ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ ఆడాడు.

ఆయన ఎలాంటి మనిషో ముందు చెప్పాలి. మలేసియాలో, పేరాక్ రాష్ట్రంలో ఒక కొబ్బరి ఎస్టేటులో పుట్టాడు. ఎస్టేటు తెలుగు బడిలో ఆరో తరగతి వరకు చదివాడు. బడంటే ఒక రేకుల షెడ్డు, ఒక పంతులు, నలభై మంది పిల్లలు. ఆ నలభై మందిలో ఇరవయ్యో ఎక్కం తడబడకుండా అప్పజెప్పినవాడు తానొక్కడే. ఇరవై రెండో ఏట జొహోరు వంతెన దాటి సింగపూరు వచ్చి ఓడల యార్డులో తుప్పు గీకే పనిలో చేరాడు. తుప్పు గీకుతూనే ఫిట్టరయ్యాడు, ఫిట్టరుగా ఉంటూనే డాక్ ఫోర్‌మన్ అయ్యాడు. ఆ యార్డులో ఫోర్‌మన్ అయిన మొదటి తెలుగువాడు ఆయనే. ఒక గ్రీకు కెప్టెను ఆయన పని చూసి తన చేతి గడియారం విప్పి ఇచ్చాడు. ఒక నూనె ఓడ అడుగున పగులు పడితే, ఇంజినీర్లు కాగితాలు తిరగేస్తుండగా ఈయన దుప్పటీ, మైనం కుక్కి ఆపాడు. జురాంగ్ వెస్ట్‌లో ఆయన బ్లాకు కింద కాఫీ తాగే వాళ్ళందరికీ ఈ సంగతులు తెలుసు. కొందరికి ఆయనకన్నా బాగా గుర్తు.

వాటన్నిటిలోకి పెద్దది బిరడాల సంగతి. ఓడను మరమ్మతుకు డాక్‌లోకి తెచ్చి నీళ్ళన్నీ తోడేశాక, దాని పొట్ట అడుగునున్న లోహపు బిరడాలు విప్పుతారు, లోపలి ట్యాంకుల్లో మిగిలిన నీరు కారిపోవడానికి. పని ముగిశాక, డాక్‌లోకి మళ్ళీ సముద్రాన్ని వదిలే ముందు వాటిని బిగించి పైన సిమెంటు మెత్తుతారు. ఒక్కటి మరిచినా చాలు, ఓడ తేలకముందే లోపల నీరు చేరుతుంది. గోవిందు చేతి కింద నాలుగు వందల పైచిలుకు ఓడలు తేలాయి. ప్రతి బిరడా ఆయనే లెక్క చూసుకుని, సిమెంటు ఆరాక సుత్తితో మూడుసార్లు తట్టి, ఆ చప్పుడు విని సరే అనేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క ఓడలోకీ చుక్క నీరు దిగలేదు. ఇందులో అబద్ధమేమీ లేదు.

షౌకత్ ఆయనకు రెండేళ్ళ కిందట కంటి ఆసుపత్రి వరుసలో పరిచయమయ్యాడు. హైదరాబాదువాడు, సైన్స్ పార్క్‌లో ఉద్యోగం, సెంగ్‌కాంగ్‌లో కాపురం. ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే గోవిందు వెనక నుంచి భుజం తట్టి "ఏ ఊరు నాయనా మనది?" అని అడిగాడు. అప్పటినుంచి రాకపోకలున్నాయి. పండక్కి వాళ్ళింటి నుంచి సేమ్యా పాయసం వస్తుంది, వీళ్ళింటి నుంచి అరిసెలు వెళ్తాయి. షౌకత్‌కు ఈయన ఓడల కబుర్లంటే ప్రాణం.

నవంబరులో ఒకనాడు అతను ఫోన్ చేశాడు.

"అంకుల్, బోటు కొన్న."

"ఏటి కొన్నావు?"

"మోటర్ బోటు అంకుల్. పంతొమ్మిది ఫీట్లు. సెకండ్ హ్యాండ్. ఆస్ట్రేలియా ఆయన వాళ్ళ దేశం పోతున్నడంటే తీస్కున్న. లైసెన్సు పరీక్ష గూడ పాసైన. కానీ దానికి వెనకంతా రంధ్రాలే ఉన్నయి. నీళ్ళల్ల దింపాలంటే భయమైతుంది. మీరు జర వచ్చి చూడున్రి."

"నాలుగొందల ఓడల రంధ్రాలు మూసినోణ్ణి, నీ పడవ రంధ్రాలు నాకో లెక్కా? శనివారం వస్తాను. సిమెంటు నేనే తెస్తాను."

నిజానికి అలాంటి ఫైబరు బోటును గోవిందు అప్పటిదాకా చేత్తో తాకి ఎరగడు. ఆ ఒక్క మాటా ఫోన్లో చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

బోటు యార్డు ఉత్తరాన జలసంధి ఒడ్డున ఉంది. అవతల మలేసియా ఒడ్డు, జొహోరు, కనబడుతుంది. యాభై అరవై బోట్లు ఇనుప స్టాండ్ల మీద వరుసగా ఆకాశం కింద నిలబడి ఉంటాయి. యజమాని వచ్చినప్పుడు క్రేనుతో ఎత్తి నీళ్ళలో దింపుతారు, తిరిగి రాగానే ఎత్తి, మంచినీళ్ళతో కడిగి స్టాండు మీద పెడతారు.

షౌకత్ బోటు తెల్లగా, ముద్దుగా ఉంది. గోవిందు కళ్ళజోడు సర్దుకుని దాని చుట్టూ తిరిగాడు. వెనక పలకకు అడుగున, సరిగ్గా మధ్యలో వేలు పట్టేంత రంధ్రం ఒకటి, దానికి ఇత్తడి మరబిరడా. దానికి జానెడు పైన, ఎడమ మూల ఒకటి, కుడి మూల ఒకటి, ఇంకొంచెం పెద్ద రంధ్రాలు. అవి బోటు లోపలి నేల మట్టానికి ఉన్నాయి. వాటికి బిరడాలు లేవు, బయటివైపు రబ్బరు రెక్కలు మాత్రం వేలాడుతున్నాయి.

"సూశావా? పాత ఓనరు బద్ధకం. కిందదానికి బిరడా పెట్టాడు, పైవాటికి రబ్బరు ముక్కలేసి ఊరుకున్నాడు. ఇలాంటి పడవ ఎక్కించి పిల్లా జెల్లాని సముద్రం మీదికి తీసుకుపోతావా?"

షౌకత్ భార్య షకీలా మందుల కంపెనీలో నాణ్యత తనిఖీ చేస్తుంది. ప్రశ్నలడగడం ఆవిడ ఉద్యోగమే. వంగి, రబ్బరు రెక్కను వేలితో ఎత్తి చూసింది.

"అంకుల్, ఇది బయటికే తెరుచుకుంటుంది. లోపలికి పోతలేదు. అంటే లోపల నీళ్ళుంటే బయటికి పోనికి పెట్టిన్రేమో? వాన పడితే గిట్ల..."

"అమ్మా, బిర్యానీలో ఉప్పెంతో నేను నీకు సెప్పానా? ఓడ సంగతి నాకొదిలెయ్."

షౌకత్ నవ్వాడు. షకీలా నవ్వలేదు. రెక్కను మెల్లగా వదిలేసి నిలబడింది.

గోవిందు చేతులు పైకి మడిచాడు. రెండు మూల రంధ్రాలకు చెక్క చీలలు చెక్కి, దిగ్గొట్టి, పైన గట్టిపడే పుట్టీ పూశాడు. అడుగు బిరడాను స్పానరుతో బిగించి, దాని మీద త్వరగా ఆరే సిమెంటు అరచేతి మందాన మెత్తాడు. డెబ్బై ఏళ్ళు దాటినా చేయి వణకలేదు. ఆరాక సుత్తితో మూడుసార్లు తట్టి చెవి ఆనించి విన్నాడు. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. వెనక్కి తిరిగి, మలాయి మాట కలిపి, "సుదా! అయిపోయింది. ఇక ఇది మునగాలంటే సముద్రమే పడవెక్కి రావాలి," అన్నాడు.

ఆదివారం నలుగురూ, గోవిందు భార్య రాజామణితో సహా, ఉబిన్ దీవి దాకా వెళ్ళొచ్చారు. చుక్క నీరు లోపలికి రాలేదు. షకీలా తెచ్చిన బిర్యానీ బోటులోనే తిన్నారు. గ్రీకు కెప్టెను కథ మరొకసారి నడిచింది. "మా అంకుల్ ఉంటే ఇన్సూరెన్స్ ఎందుకు!" అన్నాడు షౌకత్. ఆ మాటకు గోవిందు మనసు ఎంత పొంగిందో రాజామణికి ఆయన వీపు చూస్తేనే తెలిసింది.

సాయంత్రం బోటును ఎత్తి స్టాండు మీద పెట్టారు. షౌకత్ వాళ్ళు కారు దగ్గరికి నడిచారు. గోవిందు చేతులు కడుక్కోవడానికి వెనకబడ్డాడు. అప్పుడు వచ్చాడు యోగేశ్వరన్.

యోగేశ్వరన్ ఆ యార్డులో బోట్లు కడిగి, కట్టి, కాపలా చూసే మనిషి. నలభై ఎనిమిదేళ్ళు. అతనిదీ పేరాక్ వైపు ఎస్టేటు తెలుగు కుటుంబమే. ఇప్పుడు జొహోరులో ఉంటూ రోజూ తెల్లారకముందే మోటారు సైకిలు మీద వంతెన దాటి వస్తాడు. యార్డులో ఉద్యోగం ఉంటేనే అతనికి సింగపూరులో పనిచేసే పర్మిట్టు ఉంటుంది. పొద్దున ఊరి పేర్లు కలిపి చూసుకుని గోవిందును మావా అని పిలవడం మొదలుపెట్టాడు.

"మావా, ఈ ప్లగ్గుకేటి, సిమెంటెట్టీసేరు? నేనిది తియ్యాలి కదా."

"ఎందుకు తియ్యడం?"

"మా పద్ధతి అంతే మావా. బోటు పైకొస్తే ప్లగ్గు తీసి స్టీరింగుకి ఏలాడదీస్తాం. వానొస్తే నీళ్ళు కిందనుంచి పోతాయి. మళ్ళీ దించేటప్పుడు పెడతాం. ఈ పక్కలవి కూడా మూసీసేరేటి? అలమక్, అయ్యో! ఇవి మూయకూడదు మావా, డెక్కు మీది నీళ్ళు వాటికవే పోడానికి."

చుట్టూ చూశాడు గోవిందు. ఎవరూ వినడం లేదు. అయినా చెవులు వేడెక్కాయి. నిన్న షకీలా అన్న మాటే ఇది.

"ఒరే, నేను డాక్ ఫోర్‌మన్‌ని. ముప్పై ఎనిమిదేళ్ళు. నీ పద్ధతి నాకు నేర్పుతావా? మంచి సిమెంటు అది. పగలగొట్టావంటే పడవ అడుగు పగులుద్ది. ముట్టుకోకు."

"వానలు కదా మావా..."

"ముట్టుకోకు అన్నాను కదా!"

యోగేశ్వరన్ తల గోక్కుని "సరే మావా, పెద్దోళ్ళు," అని తర్వాతి బోటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

సోమవారం వాన పట్టుకుంది. ఈశాన్య రుతుపవనం ఆ ఏడు తొందరగా వచ్చింది. సోమవారం, మంగళవారం, బుధవారం, ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. జురాంగ్ వెస్ట్‌లో పన్నెండో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని గోవిందు వాన చూస్తూ వేరుశనగలు ఒలుచుకు తిన్నాడు. బోటు సంగతి ఒకసారి తలపుకొచ్చింది. ఫోన్ చేద్దామా అనుకున్నాడు. చేస్తే యోగేశ్వరన్ చెప్పింది ఒప్పుకున్నట్టవుతుంది. ఇంకో గుప్పెడు వేరుశనగలు తీసుకున్నాడు.

గురువారం పొద్దున షౌకత్ బోటు స్టాండు కాలు వంగి పక్కకు పడింది.

శనివారం అందరూ యార్డులో ఉన్నారు. బోటు నిండా నీళ్ళు, పక్కకు ఒరిగి, సీట్ల మీద ఆకులు తేలుతూ. బ్యాటరీ మునిగిపోయింది, ఇంజిను తీగలు మునిగిపోయాయి. పడ్డ పక్క మూరెడు పొడవున పగులు. యార్డు మనిషొకడు డ్రిల్లు తెచ్చి అడుగున కొత్తగా రంధ్రం పెట్టాడు. పెట్టగానే గోధుమరంగు నీళ్ళు గొట్టంలోంచి వచ్చినట్టు దూకాయి. కారుతూనే ఉన్నాయి. పావుగంట, అరగంట.

ఆ నీళ్ళు చూస్తూ నిలబడినప్పుడు గోవిందుకు అర్థమైంది. ఓడకు కప్పు ఉంటుంది, మూతలుంటాయి, పంపులుంటాయి, రాత్రీ పగలూ మనుషులుంటారు. ఓడకు శత్రువు కింద ఉంటుంది. ఈ చిన్న బోటుకు పైన ఏమీ లేదు, అరచేయిలా తెరుచుకుని ఉంది. దానికి శత్రువు పైనుంచి వస్తుంది. అందుకే కింద ఒక దారి, నీళ్ళలోకి దిగేటప్పుడు మూయడానికి, ఒడ్డున తెరవడానికి. అందుకే పక్కన రెండు దారులు, ఎప్పుడూ తెరిచి ఉండడానికి. మూడింటినీ ఆయన మూసేశాడు. బోటును ముంచింది సముద్రం కాదు, ఆయన చెయ్యి. బడి చదువు సరిగ్గా లేని పిల్లవాడికైనా చూడగానే తెలిసే సంగతి. షకీలాకు తెలిసింది. యోగేశ్వరన్‌కు తెలిసింది.

ఇంతవరకూ జరిగింది తెలియనితనం. తెలియనితనానికి ఎవరైనా క్షమిస్తారు. ఆ తర్వాత జరిగిందే చెప్పుకోరానిది.

యార్డు నడిపేది మేడమ్ లిమ్ అనే చైనా ఆవిడ. అరవై ఏళ్ళు, చేతిలో ఎప్పుడూ తాళాల గుత్తి. ఆవిడ యోగేశ్వరన్‌ను పిలిచి అందరి ముందే అడిగింది. ఒడ్డునున్న బోటుకు ప్లగ్గు ఉండకూడదని యార్డు రూలు కదా, ఎందుకు తీయలేదు?

యోగేశ్వరన్ గోవిందు వైపు చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో అన్నాడు. "మావ తియ్యొద్దన్నారు మేడమ్. సిమెంటు ముట్టుకోవద్దన్నారు."

షౌకత్ తిరిగి చూశాడు. "అంకుల్?"

షకీలా కూడా చూసింది. అందరి కళ్ళూ తన మీదే. ముప్పై ఎనిమిదేళ్ళూ, నాలుగు వందల ఓడలూ, గ్రీకు గడియారం, దుప్పటీ మైనం, అన్నీ ఆ ఒక్క క్షణంలో కుప్పగా వచ్చి గొంతులో పడ్డాయి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేను తీసెయ్యమనే సెప్పాను."

చెప్పాక ఆగలేదు కూడా. "సిమెంటు ఒక్క సుత్తి దెబ్బకి రాలిపోద్ది. డాక్‌లో ప్లగ్గు విప్పేది డాక్ మనుషుల పని. మా యార్డులో ఇలాటి పని సేసినోణ్ణి ఆ పూటే పంపించీసేవాళ్ళం," అన్నాడు.

యోగేశ్వరన్ ఏదో అనబోయి, గోవిందు తెల్ల జుట్టు చూసి ఆగిపోయినట్టున్నాడు. "మావా..." అన్నాడంతే.

షౌకత్ నిట్టూర్చి, మేడమ్ లిమ్‌తో ఇంగ్లీషులో చెప్పాడు. గోవిందుకు ఆ ఇంగ్లీషు బాగానే అర్థమైంది. ఈ పెద్దాయన నలభై ఏళ్ళు ఓడల మీద పనిచేసిన మనిషి, ఆయన మాట నాకు చాలు. ఆయన మాట నాకు చాలు!

మేడమ్ లిమ్ యోగేశ్వరన్‌ను ఇంటికి వెళ్ళి తాను పిలిచేదాకా రావద్దంది. సోమవారం ఏ సంగతీ తేలుస్తానంది. అతను హెల్మెట్టు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి గోవిందు చెప్పులతోనే హాల్లోకి నడిచాడు. రాజామణి ఆ చెప్పులు చూసింది. సాయంత్రం కిందికి కాఫీకి వెళ్ళలేదు. ఆదివారం పొద్దునా వెళ్ళలేదు. కాఫీ కొట్టు దగ్గర నుంచి ఎవరో ఫోన్ చేసి "ఫోర్‌మన్, మాకాన్‌కి రావా?" అని తిండికి పిలిస్తే కడుపు బాగాలేదన్నాడు. అదీ అబద్ధమే. ఒకటి ఆడాక రెండోది ఎంత సులువుగా వస్తుందో చూసి ఆయనకే భయం వేసింది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే రాజామణి అడిగింది.

"బోటు పోయిందని దిగులా?"

"బోటు కాదు."

"మరేటి?"

చెప్పాడు. మొదట సగం చెప్పాడు, యోగేశ్వరన్ పొరపాటు కూడా కొంత ఉందన్నట్టు. రాజామణి కన్నార్పకుండా చూస్తూ ఉంటే మిగతా సగం కూడా వచ్చేసింది. నిజంగా అన్న మాటలు, అన్నానని అబద్ధం చెప్పిన మాటలు, "ఆ పూటే పంపించీసేవాళ్ళం" అన్నదీ.

ఆవిడ కోప్పడితే బాగుండునని గోవిందు కోరుకున్నాడు.

"పెళ్ళయి నలభై ఆరేళ్ళు," అంది చివరికి. "మీరు సెప్పిన ఓడలన్నీ నిజమనే నమ్మీసేను. ఎవరేనా నవ్వితే వాళ్ళతో దెబ్బలాడేను. నేను సూసొచ్చేనేటి? మీరు సెప్పేరు, నమ్మేను. ఇప్పుడు అవన్నీ ఏటనుకోమంటారు?"

"అవి నిజమే రాజా. ప్రమాణకం."

"అదే. ఇప్పుడు ప్రమాణకం సెయ్యాల్సొచ్చింది సూడండి."

కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గోవిందు ఎంగిలి చెయ్యి ఆరిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. నలభై ఆరేళ్ళలో ఆవిడ ఆయన ఓడలను అనుమానించడం అదే మొదలు. జొహోరులో ఇంకొక ఇంట్లో ఇంకొక ఆడది ఇవాళ మొగుడి కంచం ముందు ఏమని అడుగుతోందో అనుకున్నాడు.

సోమవారం ఏడింటికే బయల్దేరాడు. రాజామణి గొడుగు చేతికిచ్చింది. రైలు దీవి ఈ కొస నుంచి ఆ కొసకు గంటన్నర. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళ మధ్య నిలబడి, యార్డులో ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. "పొరపాటున", "సరిగ్గా గుర్తులేక", "వయసు మీద పడి". ఒక్కో స్టేషనులో ఒక్కో మాట తయారయ్యేది. తర్వాతి స్టేషనులో అది కూడా తన పరువు కాపాడుకునే మాటేనని తెలిసిపోయేది. దిగేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

ఆఫీసు గదిలో మేడమ్ లిమ్, షౌకత్, షకీలా ఉన్నారు. బల్ల మీద ఒక కాగితం, సంతకానికి సిద్ధంగా. షౌకత్ లేచాడు. "అరె, మీరెందుకొచ్చిన్రు అంకుల్ ఇంత దూరం? నేను చూస్కుంటున్న కదా."

"కూర్చో బాబూ."

మేడమ్ లిమ్‌కు తెలుగు రాదు, గోవిందు ఇంగ్లీషు ఇలాంటి మాటకు చాలదు. ఇద్దరికీ వచ్చింది సంతలో మాట్లాడుకునే మలాయి. దాంట్లోనే చెప్పాడు. "సలా సాయా, మేడమ్." తప్పు నాది. అతను తీయబోయాడు, నేనే వద్దన్నాను. శనివారం అబద్ధం చెప్పాను. అతను చెప్పిందే నిజం.

మలాయిలో అది చాలా చిన్నగా అయిపోయింది. ఆవిడ తాళాల గుత్తి బల్ల మీద పెట్టి ఆయన్ను ఎగాదిగా చూసింది. అప్పుడు గోవిందు షౌకత్ వైపు తిరిగి అదే మాట తెలుగులో మళ్ళీ చెప్పాడు. అది కష్టమైంది. తెలుగులో ప్రతి మాటా తగిలింది.

"పక్కనున్న రంధ్రాలేవో నాకు తెలీదు బాబూ. అలాటి పడవ నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఫోన్లోనే సెప్పాల్సింది. నీ ముందు సిన్నబోతానని సెప్పలేదు. ఆ తర్వాత యోగేశ్వరన్ సెప్పినా ఇనలేదు. ఆ తర్వాత ఆణ్ణే..."

షౌకత్ ముఖంలో కోపం కన్నా ముందు ఇంకొకటి కనబడింది. తండ్రి తాగి రోడ్డు మీద పడి ఉంటే చూసిన కొడుకు ముఖంలా ఉంది. "నేను మీ మాట మీద ఆయన పని తీసేయించబోయిన కదా అంకుల్," అన్నాడు.

షకీలా అంది, నెమ్మదిగానే. "ఆ రోజు నేను రెక్క ఎత్తి చూపించిన. మీకు అప్పుడే డౌట్ వచ్చింది, నేను చూసిన. శనివారం ఆయన ముఖం, మీ ముఖం చూస్తేనే ఎవరిది అబద్ధమో తెలిసింది, మీరే చెప్తరేమో అని చూసిన. నిన్నంతా ఫోన్ పక్కనే పెట్టుకున్న. పెద్దవారు, నేను చెప్పించొద్దు, మీరే చెప్పాలె అనుకున్న. కానీ ఇయ్యాల మీరు రాకుంటే నేనే చెప్పేదాన్ని. అందుకే సెలవు పెట్టి వచ్చిన."

తన అబద్ధం రెండు రోజులుగా ఒకరికి తెలుసునన్న మాట! తెలిసీ, తనకు గడువు ఇచ్చారన్న మాట. గోవిందు గోడ వైపు చూశాడు.

మేడమ్ లిమ్ బల్ల మీది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. ఫోన్ తీసి నంబరు నొక్కి గోవిందు చేతికిచ్చింది. నువ్వే చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"యోగేశ్వరన్, నేను... గోవిందు మావను. నిజం సెప్పీసేను నాయనా. అంతా సెప్పీసేను. తప్పు నాదే. నువ్వు..."

అవతల ఎక్కడో కుక్కరు కూత, టీవీ చప్పుడు.

"మేడమ్‌కి ఫోనియ్యండి," అన్నాడు యోగేశ్వరన్.

ఫోన్ ఇచ్చేశాడు.

పన్నెండింటికి అతను వచ్చాడు. గోవిందు అప్పటిదాకా పడిపోయిన బోటు పక్కన తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. షౌకత్ ఇంటి దగ్గర దింపుతానంటే వద్దన్నాడు. వెళ్ళిపోదామని రెండుసార్లు లేచాడు. ముఖం చూపించకుండా పోవడం ఎంత తేలికో తెలిసి, రెండుసార్లూ మళ్ళీ కూర్చున్నాడు.

యోగేశ్వరన్ మోటారు సైకిలు ఆపి, హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకుని దగ్గరికొచ్చాడు. గోవిందు లేచి నిలబడ్డాడు. చేతులు జోడించబోతే అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"సేతులెత్తకండి. పెద్దోళ్ళు. నాకు పాపం."

"రెండు రోజులు..."

"రెండు రోజులు ఎలాగో అయిపోయాయి. మా ఆడది అడిగింది, ఎవరా మనిషి, సీనోడా, మలాయోడా అని. మన తెలుగాయనే, మన పేరాక్ ఆయనే అని సెప్పడానికి నాకు సిగ్గేసింది. ఎవరో ఆఫీసరని సెప్పేను."

ఎవరి సిగ్గు ఎవరు మోశారో చూడు. ఆయన మోయవలసింది అతను మోశాడు, వాళ్ళింట్లో, పెళ్ళాం ముందు. దానికి చెప్పగల క్షమాపణ ఏ భాషలోనూ లేదనిపించింది.

ఉత్తరం వైపు మబ్బు కమ్ముతోంది. యోగేశ్వరన్ దాన్ని చూసి, వరుసగా ఉన్న బోట్ల వైపు చూశాడు. రెండు రోజులు వేరే మనుషులు చూసిన బోట్లు, ఎన్నిటికి ప్లగ్గులు తీశారో ఎవరికి తెలుసు. పనిముట్ల పెట్టెలోంచి ఉలీ సుత్తీ తీసి గోవిందు ముందు పెట్టాడు.

"ఆ పక్క రంధ్రాలు రెండూ మీరే తియ్యండి. మెల్లగా, అంచు పగలకుండా. పుట్టీ ముందు, సెక్క తర్వాత. ఆ కుడిదాన్లో రబ్బరు రెక్క కింద మరలుంటాయి, ఉలి తగలనియ్యకండి."

"అలాగే."

"తెలీకపోతే అడగండి."

"అడుగుతాను."

యోగేశ్వరన్ వెళ్ళిపోయాడు. మొదటి బోటు కింద వంగి, చేయి పెట్టి, ప్లగ్గు విప్పడం కనబడింది. తర్వాత రెండో బోటు.

గోవిందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కీళ్ళు కలుక్కుమన్నాయి. పుట్టీ ఆయన పూసినదే, మంచి పని, ఎక్కడా పట్టు వదలలేదు. చిన్న చిన్న ముక్కలుగా రాల్చాల్సి వచ్చింది. దారిన పోతున్న ఒక చైనా కుర్ర బోటు యజమాని ఆగి చూశాడు. ఏం చేస్తున్నావు అంకుల్ అని ఇంగ్లీషులో అడిగాడు. ఏదో చెప్పి పంపించవచ్చు, ఎవరికీ తెలియదు.

"నేనే మూశాను," అన్నాడు గోవిందు ఇంగ్లీషులో, కూడదీసుకుని. "మూయకూడదు. తెలీదు నాకు."

అతను తలాడించి వెళ్ళిపోయాడు. కుడి మూల చెక్క చీల ఇంకొక దెబ్బకు కదిలింది. పట్టుకుని లాగగానే గొట్టంలో ఇరుక్కుపోయిన వారం నాటి నీళ్ళు, కుళ్ళిన ఆకులతో సహా, ఆయన చేతి మీదుగా మోచేయి దాకా, చొక్కా మీదికి కారాయి. కంపు కొట్టింది. చెయ్యి తీయకుండా, అదంతా పోయేదాకా అలాగే పట్టుకుని, తర్వాత ఎడమ వైపుకు జరిగాడు.